ఎవరో కడిగారు

కాగితం మిల్లు వాళ్లు కాగితం ఏరుకున్నాక
మిగిలిందంతా లారీ తెచ్చి
మా వాకిట్లో బోర్లిస్తుంది.
ఈ కళ్లంలోనే నాన్న వడ్లు ఆరబోసేవాడు.
నేను సంచులు, రేపర్లు, మూతలు ఆరబోస్తాను.
అదే దంతె, అదే ఎండ,
తిరగేసే చేతులకు తేడా తెలీదు.
ముక్కుకే తెలుస్తుంది.

నా పేరు వాగియెమ్.
మా జావాలో సంత వారానికి ఐదే రోజులు,
వాగే నాడు పుట్టానని ఆ పేరు.
ఆ రోజు పుట్టినవాళ్లు మొండిఘటాలంటారు.
నిజమే అయుండాలి, ఇరవై ఏళ్లుగా ఏరుతున్నాను.

గోరుతో నొక్కితే ఫెళ్లుమనేదొకటి,
మెలి తిప్పితే సాగేదొకటి,
అంటిస్తే కొవ్వొత్తిలా కారేది ఇంకొకటి.
నేను చదివిన చదువిదే.
అక్షరాలు నా కూతురు సెకార్‌వి.
కుక్క బిస్కెట్ల సంచి మీద కూడబలుక్కుని
"అమ్మా, వాళ్ల కుక్కలకి కేరెట్లు కూడా పెడతారే!" అంటుంది.
ఒకసారి విదేశీ నోటు దొరికింది.
వారం రోజులు ఊరు ఊరంతా గుట్టల్లో తల దూర్చింది.
మా ఆయన పోనిది దాన్ని మార్చి
మోపెడ్‌కి టైరు వేయించాడు.

నిన్న ఓ కప్పు దొరికింది.
పెరుగు కప్పు. అరచేతిలో ఇమిడేంత.
మీద నీలం ఆవు.
చుట్టూ పులిసిన కంపు, పిల్లల డైపర్లు,
ఇదొక్కటీ కడిగి ఉంది.
ఏదో తొలిపి పారేసినట్టు కాదు,
అంచు మడతలోకి వేలు పోనిచ్చి,
రేకు అతుకుని గీకి గీకి.

ఎవరు నువ్వు?
అమ్మవో అయ్యవో,
వేడినీళ్ల కుళాయి కింద ఎంతసేపు నిలబడ్డావు?
ఏ డబ్బాలో వేయాలో పిల్లలకి చెప్పే ఉంటావు,
వేయకపోతే కసిరే ఉంటావు.
అది మళ్లీ కప్పై పుడుతుందని
నీకెవరో చెప్పారు.
నమ్మావు.
నమ్మినవాళ్ల పని అలాగే ఉంటుంది, అంచు మడత దాకా.

ఒక మాట, కోపం తెచ్చుకోకు.
ఈ రకం ఎవరూ కొనరు. పొయ్యి రకం అంటాం.
టోఫు చేసే జుమాది ఒక్కడే కొంటాడు,
కట్టెల కంటే చవకని.
తూకానికే ఇస్తాడు డబ్బు.
అడుగున ఎండిన పెరుగుంటే
అదీ నా కూలే.
నువ్వు కడిగావు,
నాకు ఓ చిటికెడు తగ్గింది.

జుమాది పొగ నల్లగా, టోఫు తెల్లగా ఉంటుంది.
అతని మనవలూ అదే తింటారు,
మోసగాడనలేను.
ఊళ్లోకి కుర్రాళ్లొచ్చి మా కోళ్ల గుడ్లు పట్టుకెళ్లారు,
నెల తర్వాత వచ్చి తినొద్దన్నారు.
ఏం తినాలో ఆ కాగితంలో లేదు.
ఓడలు ఆపేస్తారని పుకారొస్తే
ఊరంతా మిల్లు గేటు దగ్గరికెళ్లి ఆపొద్దని అరిచాం.
నేనూ అరిచాను.
సెకార్ ఫీజు మూడు నెలలు బాకీ.
ఆ రాత్రంతా దగ్గాను.

కప్పుని కుప్పలో వేయబోయి ఆగాను.
దాచుకుందామని కాదు,
దాచుకుంటూ పోతే ఇల్లు చాలదు.
నీ వేలు తిరిగిన మడతలోకి
నా వేలు పోనిచ్చి చూశాను.
సరిగ్గా పట్టింది.
ఎందుకో మరి, బావి దగ్గరికి తీసుకెళ్లి
మళ్లీ కడిగాను.

మా బావి నీళ్ల మీద ఈమధ్య ఏదో పొర తేలుతోంది,
ఎండ పడితే రంగులు కనిపిస్తాయి.
కడిగే కొద్దీ కప్పు మసకేసింది.
"అదేంటమ్మా, మురికి చేస్తున్నావు!"
అంది సెకార్, గడపలోంచి.

సాయంత్రం జుమాది కాటా తగిలించాడు.
పన్నెండు కిలోలు.
నీ కప్పుతో కలిపి.